మాత్‌ల చుట్టరికాలు, డీఎన్‌ఏ: తరచుగా అడిగే ప్రశ్నలు

రాత్రిపూట లైటు దగ్గర మాత్‌ల (సీతాకోకచిలుకల్లా పొలుసుల రెక్కలుండే పురుగులు, ఎక్కువగా రాత్రిపూట ఎగురుతాయి) ఫోటోలు తీసేవాళ్లు, జువాలజీ విద్యార్థులు, పంట పురుగుల మీద పనిచేసేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. వరసగా చదవాలనేం లేదు. ఒక్క సంగతి మాత్రం ముందే చెప్పేస్తాను: "ఈ పురుగు పేరేంటి?" అన్నదానికి సరిపోయే డీఎన్‌ఏ వేరు, "దీని చుట్టాలెవరు?" అన్నదానికి కావలసిన డీఎన్‌ఏ వేరు. ఈ రెండు ప్రశ్నల్నీ ఒకటిగా కలిపేయడం వల్లే ఎక్కువ గందరగోళం పుడుతోంది.

రెక్కల మీది గీతలు, రంగులు చూస్తే తెలియదా? డీఎన్‌ఏ దాకా ఎందుకు?

చాలాసార్లు తెలుస్తుంది. రెక్కల్లోని ఈనెలు, మీసాల ఆకారం, తర్వాతి కాలంలో మైక్రోస్కోప్ కింద జననాంగాల నిర్మాణం కూడా చూసి రెండు వందల ఏళ్ల పైనుంచి మాత్‌లను వర్గీకరిస్తూనే ఉన్నారు, ఆ పనిలో ఎక్కువ భాగం ఇప్పటికీ నిలబడే ఉంది. చిక్కల్లా ఎక్కడంటే, చుట్టరికం లేకపోయినా ఒకేలా బతికే పురుగులు చూడ్డానికి ఒకేలా తయారవుతాయి. మడగాస్కర్‌లో క్రిసిరిడియా రిఫియస్ అని ఒక మాత్ ఉంది. పగలు ఎగురుతుంది, రెక్కల నిండా మెరిసే రంగులు, వెనక తోకలు కూడా. 1773లో డ్రూ డ్రూరీ అనే ఆంగ్ల పురుగుల సేకర్త దాన్ని వర్ణించినప్పుడు సీతాకోకచిలుక అనే అనుకుని పాపిలియో అనే ప్రజాతిలో (దగ్గరి జాతుల గుంపు) పెట్టాడు. అది మాత్ అని తేల్చడానికి డీఎన్‌ఏ దాకా ఆగక్కర్లేకపోయింది, తర్వాతి వాళ్లు శరీర నిర్మాణం చూసే సరిచేశారు. కానీ అన్ని కేసులూ అంత తేలిగ్గా తెగవు. చిన్న చిన్న గోధుమరంగు మాత్‌లు వందల జాతులు పక్కపక్కన పెడితే అనుభవం ఉన్నవాళ్లు కూడా తల పట్టుకుంటారు. దీనికి రివర్స్‌లో, ఒకే జాతిలో ఆడదీ మగదీ పూర్తిగా వేరుగా కనిపించి రెండు పేర్లు తెచ్చుకున్న సందర్భాలూ ఉన్నాయి. రెక్క రంగు వాతావరణాన్ని బట్టి, తిన్న ఆకును బట్టి కూడా మారుతుంది, డీఎన్‌ఏ అలా మారదు.

మాత్‌లు, సీతాకోకచిలుకలు రెండు వేర్వేరు గుంపులే కదా?

కాదు. సీతాకోకచిలుకలు మాత్‌ల వంశవృక్షంలో ఒక కొమ్మ మాత్రమే. లెపిడోప్టెరా అనే క్రమంలో ఇప్పటిదాకా పేరు పెట్టిన జాతులు సుమారు 1,60,000, అందులో సీతాకోకచిలుకలు 19,000 లోపే. మిగతావన్నీ మాత్‌లు. అంటే "మాత్" అనేది ఒక వంశం పేరు కాదు, లెపిడోప్టెరాలోంచి సీతాకోకచిలుకల్ని తీసేస్తే మిగిలినదానికి మనం పెట్టుకున్న పేరు. దీన్ని బాగా చూపించేది హెడిలిడే అనే కుటుంబం. మధ్య, దక్షిణ అమెరికాల్లో ఉంటాయి, మట్టిరంగు, ఎక్కువగా రాత్రిపూటే ఎగురుతాయి, సీతాకోకచిలుకలకుండే, చివర గుండులా ఉబ్బిన మీసాలు వీటికి లేవు. చూసినవాళ్లెవరైనా మాత్ అనే అంటారు. డీఎన్‌ఏ మాత్రం వాటిని తీసుకెళ్లి సీతాకోకచిలుకల మధ్యలో, స్కిప్పర్లనే సీతాకోకచిలుక కుటుంబానికి దగ్గరగా కూర్చోబెట్టింది.

డీఎన్‌ఏ కోసం పురుగులో ఏ భాగం తీసుకుంటారు? నమూనా పాడైపోదా?

ఒక కాలు చాలు. పిన్నుకు గుచ్చి రెక్కలు పరిచిన నమూనా అయితే సన్న పట్టకారుతో ఒక వైపు కాలు తీస్తారు, రెండోవైపుది అలాగే ఉంటుంది కాబట్టి తర్వాత పరిశీలించేవాళ్లకు నష్టం లేదు. ఒక్కో పురుగుకూ మధ్యలో పట్టకారును శుభ్రం చేయాలి, లేకపోతే ముందు పురుగు పొలుసు ఒకటి అంటుకుని వచ్చినా తర్వాతి ట్యూబులో తప్పు డీఎన్‌ఏ చేరుతుంది. ఆ కాలును ప్రొటినేజ్-కె అనే ఎంజైము ఉన్న ద్రావణంలో వేసి 56 డిగ్రీల సెల్సియస్ దగ్గర రాత్రంతా ఉంచుతారు. కండరం కరిగి డీఎన్‌ఏ ద్రావణంలోకి వస్తుంది, గట్టి తొడుగు మాత్రం ఖాళీగా మిగులుతుంది. ఉదరంతో ఇలా చేస్తే ఇంకో లాభం కూడా ఉంది: జననాంగాల నిర్మాణం చూడటానికి ఎలాగూ కండరాన్ని కరిగించాలి, ఒకే దెబ్బకు రెండు పనులూ అయిపోతాయి.

ట్యూబు మీది నంబరు, పురుగు పిన్నుకున్న లేబుల్ నంబరు ఒకటే ఉండాలి. ఇదేదో గుమాస్తా పనిలా అనిపిస్తుంది గానీ, ఆ లింకు తెగిందంటే మీ దగ్గరున్న సీక్వెన్సు (చదివిన డీఎన్‌ఏ అక్షరాల వరస) ఏ పురుగుదో ఎవరూ మళ్లీ వెళ్లి చూడలేరు, అలాంటి సీక్వెన్సు ఉన్నా లేనట్టే.

పట్టిన పురుగును ఎలా దాచాలి?

వెంటనే ఆరబెట్టండి, లేదా కాలు విడిగా తీసి 95 శాతం ఇథనాల్‌లో వేసి ఫ్రీజర్‌లో పెట్టండి. ఫార్మలిన్ వద్దే వద్దు. చంపడానికి ఇథైల్ ఎసిటేట్ వాడితే డీఎన్‌ఏ దెబ్బతింటుంది. గట్టిపడిన పురుగును మెత్తబరచడానికి రోజుల తరబడి తేమలో ఉంచడం కూడా మంచిది కాదు.

బార్‌కోడ్, బార్‌కోడ్ అంటారు. ఏంటది?

మైటోకాండ్రియాలో (కణానికి శక్తినిచ్చే భాగం, దానికి సొంత డీఎన్‌ఏ ఉంటుంది) సీఓఐ అని ఒక జన్యువు ఉంది. దాని మొదటి భాగంలో 658 అక్షరాల (డీఎన్‌ఏ భాషలో అక్షరాలు నాలుగే: ఏ, టీ, జీ, సీ) ముక్కను చదివి, ఆ వరసను జాతికి గుర్తింపుగా వాడొచ్చని 2003లో కెనడాలోని గ్వెల్ఫ్ యూనివర్సిటీకి చెందిన పాల్ హెబర్ట్ బృందం ప్రతిపాదించింది. ప్రతి కణంలో మైటోకాండ్రియాలు బోలెడన్ని కాపీలుంటాయి కాబట్టి ఎండిపోయిన కాలులోంచి కూడా ఈ ముక్క తేలిగ్గా వస్తుంది. ఒకే జాతిలోని పురుగుల మధ్య ఈ ముక్కలో తేడా సాధారణంగా చాలా తక్కువ, వేరు జాతుల మధ్య ఎక్కువ. రెండు శాతం అనే లెక్క తరచుగా వినిపిస్తుంది. అది ఉజ్జాయింపు గీత మాత్రమే, చట్టం కాదు. రెండు శాతం దాటనంత మాత్రాన ఒకే జాతి అని, దాటినంత మాత్రాన కొత్త జాతి దొరికిందని ఎగిరి గంతేయకండి.

గొంగళిపురుగుకీ, అది మారిన మాత్‌కీ డీఎన్‌ఏ ఒకటేనా?

ఒకటే. ఏ జన్యువు ఎప్పుడు పనిచేస్తుందన్నది మారుతుంది గానీ వరస మారదు. అందుకే ఆకు మీద దొరికిన గొంగళిపురుగును పెంచకుండానే, లేదా పెంచుతుండగా చచ్చిపోయినా, అది ఏ మాత్ పిల్లో చెప్పగలుగుతున్నాం.

సరే, ఆ బార్‌కోడ్‌తోనే వంశవృక్షం గీసేస్తే పోలా?

గీయొచ్చు, సాఫ్ట్‌వేర్ ఏమీ కాదనదు. చివరి కొమ్మల దగ్గర, అంటే బాగా దగ్గరి జాతుల మధ్య, ఆ చెట్టు చాలావరకు నమ్మేలాగే ఉంటుంది. లోపలికి, పాత కొమ్మల వైపు వెళ్లేకొద్దీ మాత్రం పనికిరాదు.

మొదటి కారణం: ఒకే చోట అక్షరం మళ్లీ మళ్లీ మారుతుంది. ప్రొటీన్‌ను రాసే జన్యువులో మూడేసి అక్షరాలు ఒక అమైనో ఆమ్లానికి సంకేతం. మూడో అక్షరం మారినా చాలాసార్లు ప్రొటీన్‌లో తేడా రాదు, కాబట్టి అక్కడ మార్పులు విచ్చలవిడిగా పోగవుతాయి. కోట్ల ఏళ్లలో ఏ నుంచి జీకి, జీ నుంచి మళ్లీ ఏకి వచ్చేసిందనుకోండి, ఈ రోజు చూసే మనకు అసలేమీ జరగనట్టే కనిపిస్తుంది. పురుగుల మైటోకాండ్రియాలో ఏ, టీ అక్షరాలే ఎక్కువ కావడంతో, సంబంధం లేని రెండు వంశాల్లో ఒకే అక్షరం యాదృచ్ఛికంగా రావడం ఇంకా తేలికవుతుంది.

రెండోది: మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది. మనకు ఇంటిపేరు ఒక వైపు నుంచే వచ్చినట్టు అన్నమాట, ఇంటిపేరు చూసి మొత్తం బంధువుల్ని లెక్కకట్టలేం కదా. మాత్‌లలో దీనికి ఇంకో మెలిక ఉంది. ఇక్కడ లైంగిక క్రోమోజోములు మనకు రివర్సు: ఆడదానికి జెడ్, డబ్ల్యూ అని రెండు రకాలు, మగదానికి రెండూ జెడ్‌లే. రెండు జాతులు కలిసి సంకర సంతానం పుడితే రెండు రకాల క్రోమోజోములున్న లింగమే ముందు దెబ్బతింటుందనేది హాల్డేన్ నియమం, ఆ లెక్కన మాత్‌లలో గొడ్రాళ్లయ్యేది ఆడవే. మైటోకాండ్రియాను తర్వాతి తరానికి అందించేదీ ఆడవే. అందుకే సంకరం ద్వారా మైటోకాండ్రియా ఒక జాతి నుంచి ఇంకో జాతికి దాటడం వీటిలో కాస్త కష్టమనే చెప్పాలి, బార్‌కోడ్ మాత్‌లలో ఇంత బాగా పనిచేయడానికి ఇదొక కారణం కావొచ్చంటారు.

అంతా సవ్యంగా ఉందనుకునేలోపు వోల్బాకియా వస్తుంది. కణాల లోపల బతికే బ్యాక్టీరియా ఇది, తల్లి గుడ్డు ద్వారా పిల్లలకు చేరుతుంది. ఇది సోకిన ఆడవాటి సంతానమే పెరిగేలా, కొన్ని జాతుల్లో మగ పిల్లలు చచ్చిపోయేలా చేస్తుంది. ఆ ఆడవాటితో పాటు వాటి మైటోకాండ్రియా కూడా జనాభా అంతా పాకిపోతుంది. అప్పుడు బార్‌కోడ్ చెప్పేది మాత్ చరిత్రా, దాని లోపలున్న బ్యాక్టీరియా చరిత్రా అని అనుమానించాల్సిందే.

మైటోకాండ్రియా ఒకటి చెప్పి, కేంద్రకంలోని డీఎన్‌ఏ ఇంకోటి చెప్పిన ఉదాహరణ ఉందా?

మొక్కజొన్న మీద పడే కత్తెర పురుగు, స్పోడాప్టెరా ఫ్రూజిపెర్డా. దీనికి అమెరికా ఖండాల్లో రెండు రకాలున్నాయి, మొక్కజొన్న రకం అని, వరి రకం అని పిలుస్తారు. పైకి చూస్తే తేడా ఏమీ తెలియదు. విడదీయడానికి మైటోకాండ్రియాలోని సీఓఐ, జెడ్ క్రోమోజోము మీదున్న టీపీఐ అనే జన్యువు వాడతారు. 2016లో ఆఫ్రికాలో, 2018లో భారత్‌లో ఇది కనిపించాక అక్కడి పురుగుల్ని పరీక్షిస్తే చాలావాటిలో సీఓఐ వరి రకమని, టీపీఐ మొక్కజొన్న రకమని చెప్పాయి. అంటే ఎక్కడో, ఎప్పుడో రెండూ కలిశాయి. ఒక్క సీఓఐ మాత్రమే చూసినవాడు "వచ్చింది వరి రకం" అని రాసేసి ఉండేవాడు, పంటకు ప్రమాదం ఎక్కడుందో తప్పుగా అంచనా వేసేవాడు.

శనగపచ్చ పురుగుది ఇంకో కథ. హెలికోవెర్పా ఆర్మిజెరా పాత ప్రపంచానిది, దాని దగ్గరి చుట్టం హెలికోవెర్పా జియా అమెరికాది. 2013లో బ్రెజిల్‌లో ఆర్మిజెరా ఉన్నట్టు బయటపడింది, తర్వాత జన్యువులు మొత్తం చదివి చూస్తే రెండూ కలిసిన సంకరాలు కూడా దొరికాయి. ఇలాంటి చోట కొమ్మలు విడిపోవడమే తప్ప కలవని చెట్టు బొమ్మ సరిపోదు.

మరి పాత చుట్టరికాలకు ఎన్ని జన్యువులు కావాలి?

వందలు, వీలైతే వేలు. ఇరవై ఏళ్ల క్రితం నాలుగైదు జన్యువులు చదివితే గొప్ప. తర్వాత పద్ధతి మారింది. మాత్‌లన్నిటిలోనూ ఉండే, నెమ్మదిగా మారే డీఎన్‌ఏ ముక్కలకు సరిపోయే గాలాలు తయారుచేసి, వందల ముక్కల్ని ఒకేసారి పట్టి చదువుతున్నారు. 2019లో అకిటో కవహరా బృందం 186 జాతుల నుంచి 2,098 జన్యువులతో లెపిడోప్టెరా చెట్టు గీసింది. 2023లో దాదాపు 2,300 సీతాకోకచిలుక జాతులకు 391 జన్యువులతో ఇంకోటి వచ్చింది, దాని ప్రకారం అవి సుమారు 10 కోట్ల ఏళ్ల క్రితం అమెరికా ఖండాల్లో పుట్టాయి.

అయినా వేల జన్యువులతో అన్ని చిక్కులూ తీరిపోలేదు. కొన్ని చోట్ల వంశాలు చాలా తక్కువ సమయంలో వరసగా చీలిపోయాయి. అలాంటి చోట ఒక్కో జన్యువు ఒక్కో చెట్టు చూపిస్తుంది, అవన్నీ తప్పులు కావు, ఆ జన్యువుల చరిత్రలే నిజంగా అలా ఉన్నాయి. పెద్ద కుటుంబాల మధ్య పాత చీలికల్లో కొన్ని ఇంకా తేలకుండా ఉన్నది ఇందుకే.

చెట్టు మీద 100, 73 అని అంకెలుంటాయి, వాటిని ఎలా చదవాలి?

అవి ఎక్కువగా బూట్‌స్ట్రాప్ విలువలు. ఉన్న డేటాలోంచే కొన్ని స్థానాల్ని మళ్లీ మళ్లీ యాదృచ్ఛికంగా ఏరి, ప్రతిసారీ చెట్టు గీసి, ఆ కొమ్మ ఎన్నిసార్లు వచ్చిందో నూటికి చెప్తాయి. 73 అంటే ఆ కొమ్మ నిజమవడానికి 73 శాతం అవకాశం అని కాదు. వేల జన్యువులు పోసినప్పుడు 100 రావడం పెద్ద విశేషం కూడా కాదు, లెక్కలో పద్ధతి తప్పయితే తప్పు కొమ్మకి కూడా 100 వస్తుంది. ఇక చదివేటప్పుడు చాలామంది పొరపడేది కొమ్మల క్రమం దగ్గర: పైనుంచి కిందికి పేర్లు ఏ వరసలో ఉన్నాయన్నదానికి అర్థం లేదు, ఎక్కడ కలుస్తున్నాయన్నదే ముఖ్యం.

మొదటి మాత్ ఎప్పుడు పుట్టింది?

2019 చెట్టు ప్రకారం సుమారు 30 కోట్ల ఏళ్ల క్రితం, కార్బొనిఫెరస్ కాలం చివర్లో. కానీ 2018 నాటికి తెలిసిన అతి పాత శిలాజ సాక్ష్యం, జర్మనీలో భూమి లోపలి నుంచి తీసిన మట్టిలో దొరికిన రెక్క పొలుసులు, దాదాపు 20 కోట్ల ఏళ్లవి. ఆ రెండింటికీ మధ్య 10 కోట్ల ఏళ్ల ఖాళీ ఉంది! పల్చటి రెక్కల పురుగులు శిలాజాలుగా మిగలడం అరుదు కాబట్టి కొంత ఖాళీ ఉండాల్సిందే, అయినా 30 కోట్లు అనే అంకెను రాయి మీద గీతలా పట్టుకోకండి. డీఎన్‌ఏకి తనంతట తానుగా గడియారం లేదు. ఎంత మారిందో చెప్తుంది, ఎంత వేగంగా మారిందో శిలాజాల వయసుతో సరిచూసుకోవాల్సిందే.

ఇక్కడ నాకు బాగా నచ్చే సంగతి తొండం. పూలకోసమే తొండం పుట్టిందని అందరం అనుకుంటాం. చెట్టు మీద తొండం మొదలైన చోటు చూస్తే సుమారు 24 కోట్ల ఏళ్ల క్రితం, పూల మొక్కల శిలాజాలు స్పష్టంగా కనిపించేది దాదాపు 13 కోట్ల ఏళ్ల క్రితం నుంచి మాత్రమే. జర్మనీ పొలుసుల్లో కొన్ని లోపల బోలుగా ఉన్నాయి, అలాంటివి తొండం ఉన్న వంశంలోనే ఉంటాయి, కాబట్టి శిలాజం కూడా అదే వైపు మొగ్గుతోంది. పూలు లేని రోజుల్లో అవి నీటి బొట్లనో, శంకువులు కాసే చెట్ల జిగురు ద్రవాన్నో పీల్చి ఉండాలి. తొండం లేకుండా దవడలతో పుప్పొడి నమిలే మాత్‌లు ఇప్పటికీ ఉన్నాయి, మైక్రోప్టెరిజిడే కుటుంబం, చెట్టులో అన్నిటికన్నా ముందు విడిపోయిన కొమ్మల్లో అదొకటి.

గబ్బిలాల భయంతోనే మాత్‌లకు చెవులు వచ్చాయంటారు, నిజమేనా?

పాఠం అలాగే ఉండేది. డీఎన్‌ఏ కాలక్రమం దాన్ని కొంచెం కదిలించింది. చెవులు ఒక్కసారి కాదు, వేర్వేరు వంశాల్లో విడివిడిగా చాలాసార్లు పుట్టాయి, వాటిలో కొన్ని గబ్బిలాల కన్నా ముందే, డైనోసార్లున్న రోజుల్లోనే. అప్పుడు ఏ శబ్దాలు వినడానికి పనికొచ్చాయో చెట్టు చెప్పదు. గబ్బిలాలు వచ్చాక అవే చెవులు వాటి నుంచి తప్పించుకోవడానికి బాగా పనికొచ్చాయి.

డీఎన్‌ఏ వచ్చాక కుటుంబాల పేర్లు ఊరికే ఎందుకు మారుస్తున్నారు?

విసుగ్గానే ఉంటుంది, ఒప్పుకుంటాను. టైగర్ మాత్‌లకు ఆర్క్టిడే అని సొంత కుటుంబం ఉండేది, ఇప్పుడు అవి ఎరెబిడే అనే పెద్ద కుటుంబంలో ఉపకుటుంబం. టసాక్ మాత్‌ల లైమాంట్రిడేకీ అదే గతి. పేరంటే ఒకే పూర్వీకుడి సంతానం మొత్తానికి ఉండాలనేది నియమం, టైగర్ మాత్‌లు వేరే మాత్‌ల మధ్యలోంచి పుట్టిన కొమ్మ అని తేలాక వాటికి విడి కుటుంబం ఉంచితే మిగిలినదానికి అర్థం లేకుండా పోతుంది. పాత పుస్తకాలు పారేయక్కర్లేదు, కుటుంబం పేరు దగ్గర ఒక గీత గీసుకుంటే చాలు.

పట్టుపురుగు సొంతూరు డీఎన్‌ఏతో తెలిసిందా?

తెలిసింది. మన పట్టుపురుగు బాంబిక్స్ మోరీకి అడవి చుట్టం బాంబిక్స్ మాండరినా. చైనాలోని మాండరినాకు 28 జతల క్రోమోజోములు, జపాన్‌లోనిదానికి 27, మన పట్టుపురుగుకి 28. డీఎన్‌ఏ వరస కూడా చైనా వాటికే దగ్గర.

క్రోమోజోముల లెక్క కూడా చుట్టరికం చెప్తుందా?

మాత్‌లలో ఇది ఆశ్చర్యం కలిగించే విషయం. 2024లో 200కి పైగా జాతుల జన్యువులు మొత్తంగా పోల్చి చూస్తే, పూర్వీకుడిలో ఉన్న 32 క్రోమోజోము ముక్కలు దాదాపు 25 కోట్ల ఏళ్లుగా చాలా జాతుల్లో చెక్కుచెదరకుండా ఉన్నాయని తేలింది. వాటికి మేరియన్ ఎలిమెంట్స్ అని పేరు పెట్టారు, గొంగళిపురుగు రూపాంతరాన్ని ఓపిగ్గా చూసి బొమ్మలు గీసిన మరియా సిబిల్లా మేరియన్ గుర్తుగా. కొన్ని వంశాలు మాత్రం ఈ పద్ధతిని తలకిందులు చేశాయి, పోలియోమాటస్ ప్రజాతిలో రెండు వందలకు పైగా జతలున్న సీతాకోకచిలుక కూడా ఉంది.

మ్యూజియంలో వందేళ్ల నాటి పురుగు నుంచి డీఎన్‌ఏ వస్తుందా?

వస్తుంది, ముక్కలు ముక్కలుగా. 658 అక్షరాలు ఒకేసారి రాకపోవచ్చు గానీ చిన్న ముక్కలు చదివి అతికించొచ్చు. ఇది ఎందుకు అవసరమంటే, జాతికి పేరు పెట్టినప్పుడు ఆధారంగా ఉంచిన ఆ మొదటి నమూనాయే పేరుకి హక్కుదారు. పైకి ఒకేలా ఉండే మూడు జాతులు బయటపడితే పాత పేరు దేనికి చెందుతుందో ఆ నమూనా డీఎన్‌ఏ చెప్పాలి.

డార్విన్ ఊహించిన మాత్ సంగతి?

మడగాస్కర్ ఆర్కిడ్ ఒకదానికి తేనె దాదాపు 30 సెంటీమీటర్ల గొట్టం అడుగున ఉంటుంది. అంత తొండం ఉన్న మాత్ ఉండి తీరాలని 1862లో డార్విన్ రాశాడు. 1903లో, మడగాస్కర్‌లో దొరికిన అలాంటి మాత్ ఆఫ్రికా ప్రధాన భూభాగంలోని జాంతోపన్ మోర్గానీకి ఉపజాతిగా పేరు తెచ్చుకుంది, ప్రెడిక్టా అని. 2021లో బార్‌కోడ్‌నూ, శరీర నిర్మాణాన్నీ కలిపి చూసి దాన్ని విడి జాతిగా చేశారు. డీఎన్‌ఏ ఒక్కటే కాదు, తొండం పొడవు, జననాంగాలు, రెక్కల కొలతలు, అన్నీ ఒకే మాట చెప్పాయి కాబట్టే ఆ నిర్ణయం గట్టిగా నిలబడింది.

ల్యాబ్ లేదు. నేను ఏమైనా చేయగలనా?

చేయగలరు. బోల్డ్ అనే బార్‌కోడ్ డేటాబేసు, జెన్‌బ్యాంక్ అనే డీఎన్‌ఏ డేటాబేసు, రెండిట్లోనూ సీక్వెన్సులు ఉచితం. ఒక చిన్న ప్రజాతిని ఎంచుకుని, సీఓఐ వరసలు దించుకుని, మెగా, ఐక్యూ-ట్రీ అనే సాఫ్ట్‌వేర్లలో ఏదో ఒకదానిలో చెట్టు గీయండి, రెండూ ఉచితమే. పోలిక కోసం ఆ ప్రజాతికి బయటి జాతి ఒకటి పెట్టడం మర్చిపోకండి, అది లేకపోతే చెట్టుకు వేరు ఎక్కడుందో తెలియదు.

నా చెట్టులో నా మాత్ ఎక్కడో వింత చోట పడింది. కొత్త జాతా?

ముందు కలుషితమేమో చూడండి. మీ సీక్వెన్సును జెన్‌బ్యాంక్‌లో వెతికితే మనిషిదో, వోల్బాకియాదో, ఆ గొంగళిపురుగు లోపల పెరుగుతున్న పరాన్నజీవి కందిరీగదో వచ్చి కూర్చుంటుంది, ఇది మామూలే. తర్వాత ఆ వరసను ప్రొటీన్‌గా మార్చి చూడండి. మధ్యలో ఆగిపోయే సంకేతం వచ్చిందంటే మీరు చదివింది అసలు మైటోకాండ్రియా జన్యువు కాకుండా, ఎప్పుడో కేంద్రకంలోకి చేరిపోయిన పనికిరాని నకలు అయ్యుండొచ్చు. పురుగుల మైటోకాండ్రియా సంకేత పట్టిక వేరు, దాన్ని ఎంచుకోకపోతే లేని తప్పులు కనిపిస్తాయి. డేటాబేసులో పక్కనున్న పేరు తప్పయ్యే అవకాశమూ ఉంది, ఒక్క రికార్డుతో పోల్చి తీర్పు చెప్పకండి. ఇవన్నీ దాటాక కూడా అది అక్కడే ఉంటే, రెండో కాలు తీసి వేరే రోజు, వేరే ట్యూబులో మొదటి నుంచి చేయండి, అదే వరస మళ్లీ వస్తే పెట్టెలోని పురుగును తీసి జననాంగాలు చూడాల్సిన సమయం వచ్చిందన్నమాట.